పనికిరాని పూలకి పద్నాలుగు గంటల వెలుగు

టమాటాలు పెంచితే మెచ్చుకుంటారు. కుండీలో నాలుగు వంకాయలు కాస్తే ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెడతారు. కరివేపాకు మొక్కకి ఇంట్లో ఉండే మర్యాద ఒక్కోసారి ఇల్లాలికి కూడా ఉండదు. అదే పూలమొక్కలు పెంచితే, అందులోనూ దేవుడికి పెట్టని, తలలో పెట్టుకోవడానికి వీల్లేని, కూరకి అక్కరకురాని పూలు పెంచితే, పైగా వాటికోసం పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంట్లో లైట్లు వెలిగిస్తే, "దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అంటారు. అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగరు కూడా. అడిగేసి టీ తాగేసి వెళ్ళిపోతారు.

నేను నాలుగేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. హాల్లో ఇనప ర్యాకు పెట్టి, లైట్ల కింద విత్తనం వేసి పెటూనియా, కోలియస్, సాల్వియా, బిళ్ళగన్నేరు నారు పెంచుతున్నాను. ఈ సంగతి ఎప్పుడైనా ప్రస్తావిస్తే "వివరంగా చెప్పండి" అని అడిగినవాళ్ళూ ఉన్నారు, "కరెంటు దండగ కదండీ" అన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను. తోటపని పాఠం అనుకుని చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి ముందే చెబుతున్నా, ఇందులో సగం దెబ్బలాట ఉంది.

మాది హైదరాబాదు శివార్లలో మూడో అంతస్తు ఫ్లాటు. కొన్న కొత్తలో తూర్పు కిటికీలోంచి ఎండ వంటగట్టు మీద పడేది. తర్వాత పక్క స్థలంలో ఐదంతస్తులు లేచాయి. ఇప్పుడు ఆ కిటికీ తీస్తే వాళ్ళ బాత్‌రూము గొట్టాలు కనిపిస్తాయి. మిగిలింది దక్షిణం వైపు బాల్కనీ. దాని తీరే వేరు. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి పై ఫ్లాటు శ్లాబు గొడుగులా అడ్డం పడి మాకు ఎండ పొడ కూడా తగలదు. దక్షిణాయనం నడిచేకొద్దీ ఎండ ఆ శ్లాబు కిందనుంచి మెల్లగా లోపలికి జరుగుతుంది. డిసెంబరు మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు ఎక్కితే 49 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. అప్పుడు మా బాల్కనీలో నాలుగు గంటలపాటు బంగారంలాంటి ఎండ. పంచాంగంలో చదివే దక్షిణాయనం మా గ్రిల్లు నీడ మీద అంగుళాల లెక్కన కనిపిస్తుందని నాకు మొక్కల వల్లే తెలిసింది.

చిక్కు ఎక్కడంటే, చలికాలం పూలకి విత్తనం వేయాల్సింది ఆగస్టు చివర, సెప్టెంబరులో. పెటూనియా విత్తిన రోజు నుంచి పూసే రోజుకి పది పన్నెండు వారాలు పడుతుంది. బాల్కనీకి ఎండ వచ్చే నవంబరు దాకా ఆగి విత్తితే పూలు వచ్చేసరికి ఫిబ్రవరి, వెనకాలే శివరాత్రి, ఎండలు. పోనీ సెప్టెంబరులో మేడ మీద పెడదామంటే, వానకి విత్తనాలు కొట్టుకుపోతాయి, మిగిలినవి చీమలు మోసుకుపోతాయి, చీమలు వదిలిపెట్టినవి పావురాలు తొక్కుతాయి. అందుకని ఆ రెండు నెలలు నారుని ఇంట్లో లైట్ల కింద పెంచి, ఎండ వచ్చే వేళకి బాల్కనీలోకి పంపిస్తాను. చలిదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇదే పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో బేస్‌మెంటులో చేస్తారు, మంచు కరిగేలోపు నారు సిద్ధం కావాలని. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు అలాగే బంతి నారు పోస్తుంది. ఆమెకి చలి అడ్డం. నాకు పక్కింటి గోడ, పై ఇంటి శ్లాబు అడ్డం.

"హాల్లో ట్యూబులైటు ఉందిగా, దాని కింద పెడితే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. ఇది మన కన్ను మనకి చేసే మోసం. వెలుగుని లక్సుల్లో కొలుస్తారు. నడి మధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్సులు ఉంటుంది. రాత్రి లైటు వేసిన హాల్లో ఉండేది రెండు మూడు వందలు. మన కంటిపాప ముడుచుకుని, విచ్చుకుని రెండింటికీ సర్దుకుంటుంది కాబట్టి మనకి హాలు కూడా వెలుగుగానే ఉంటుంది. నారుకి అది చీకటితో సమానం. వెలుగు ఇంకా పైన ఎక్కడో ఉందనుకుని కాడ సాగుతుంది, సాగి సాగి పాలిపోయి దారంలా పడిపోతుంది. కాబట్టి లైటుని మొక్క దగ్గరికి తేవాలి. మా ర్యాకులో ట్యూబుకీ నారుకీ మధ్య నాలుగైదు అంగుళాలే ఎడం. ఎల్ఈడీ కాబట్టి ఆకు మాడదు. మొక్క పెరిగేకొద్దీ గొలుసు ఒక్కో లంకె పైకి జరుపుతాను. రోజుకి 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి. టైమరు పొద్దున 6కి వెలిగించి రాత్రి 8కి ఆర్పుతుంది.

ఊదారంగు లైట్లు అమ్ముతారు చూడండి, మొక్కల కోసం ప్రత్యేకమని, వేలకి వేలు పెట్టి, అవి కొనకండి. ఆకులోని పచ్చదనం ఎరుపునీ నీలాన్నీ ఎక్కువగా తీసుకుంటుంది కాబట్టి ఆ రెండు రంగులే ఇస్తే చాలని వాళ్ళ లెక్క. లెక్క తప్పేం కాదు. కానీ మామూలు తెల్ల ఎల్ఈడీలో ఆ రెండూ ఉన్నాయి, మిగతా రంగులూ ఉన్నాయి. ఆ ఊదా వెలుగులో మన హాలు ఏదో వీధి నాటకం తెరలా ఉంటుంది, మనుషులు జ్వరం వచ్చినట్టు కనిపిస్తారు, ఆకు మీద తెగులు మచ్చ ఉన్నా కనిపించదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 20 వాట్ల తెల్ల ట్యూబులు, పెట్టె మీద 6500 కె అని ఉంటుంది, ఒక అరకి అవి రెండు చాలు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. రెండు ట్యూబులు కలిపి 40 వాట్లు. 14 గంటలకి 560, అంటే అర యూనిట్టు పైన కాస్త. నెలకి 17 యూనిట్లు. యూనిట్టు 9 రూపాయలు వేసుకున్నా 153 రూపాయలు. 2000 వాట్ల గీజరు 17 నిమిషాలు నడిస్తే ఒక రోజు నా మొక్కల వెలుగంత కరెంటు ఖర్చవుతుంది. గీజరు వేసి మరిచిపోయి ఫోను చూసుకుంటూ కూర్చునేవాళ్ళు మా ఇంట్లో ఇద్దరున్నారు. వాళ్ళని ఉపయోగం ఏమిటని ఎవరూ అడగలేదు. ఈ లెక్కని కాగితం మీద వేసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. రెండేళ్ళుగా అక్కడే ఉంది.

పెటూనియా విత్తనం ఎప్పుడైనా చూశారా? గ్రాముకి దాదాపు పది వేలు తూగుతాయి. అరచేతిలో వేసుకుని తుమ్మితే ఆ ఏడాది తోట అయిపోయినట్టే. ఈ మధ్య వాటికి పూత పూసి ఆవగింజల్లాంటి గుళికలు చేసి అమ్ముతున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అవే నయం, ఒక్కొక్కటి పుల్లతో పెట్టుకోవచ్చు. బిగోనియా విత్తనం ఇంతకంటే నూక. దాని జోలికి మొదటి ఏడాది వెళ్ళకండి.

నాకు మాత్రం ఆ దుమ్ములాంటి విత్తనం కొత్త కాలేదు. మా అమ్మమ్మవాళ్ళది కందుకూరు వైపు. పొగాకు నారుమళ్ళు పెంచేవాళ్ళు. పొగాకు విత్తనమూ అచ్చం ఇలాగే ఉంటుంది. ఉండకేం, పెటూనియా పొగాకుకి దగ్గర చుట్టం. దాని పేరే దక్షిణ అమెరికాలో అక్కడివాళ్ళు పొగాకుని పిలిచే మాటలోంచి వచ్చింది. వంకాయ, టమాటా, మిరప కూడా ఆ ఇంటివే. అమ్మమ్మ విత్తనాన్ని ఇసుకలో కలిపి, నడుం వంచి, ఎత్తుగా కట్టిన మళ్ళ మీద చల్లేది. పైన పల్చగా గడ్డి కప్పి, రోజ్‌క్యానుతో రోజుకి నాలుగైదుసార్లు నీళ్ళు పోసేవాళ్ళు. మొలకలు కనిపించాక గడ్డి కొద్దికొద్దిగా తీయాలి. ఒక్కసారే తీస్తే ఎండకి చస్తాయి, ఆలస్యమైతే సాగి పాడవుతాయి. ఎంత తీయాలో, ఏ రోజు తీయాలో అమ్మమ్మకే తెలుసు, తాతయ్య కూడా ఆమెనే అడిగేవాడు. నారు పీకి కట్టలు కట్టి వెయ్యి లెక్కన అమ్మేవాళ్ళు. డబ్బు తాతయ్య చేతికొచ్చేది, నడుంనొప్పి ఆమెకుండేది. అయినా ఆమెని ఎవరూ ఉపయోగం ఏమిటని అడగలేదు, ఆ నారుకి ధర ఉంది కాబట్టి. నేనూ విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపే చల్లుతాను. నా నారుకి ధర లేదు, అదే తేడా.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఫ్లాటులో మాత్రం నారు పోసినావిడే నీరూ పోయాలి, ఎండా పోయాలి.

ఇక్కడ ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. పెటూనియా, కోలియస్, బిగోనియా విత్తనాలకి పైన మట్టి కప్పకూడదు. వెలుగు తగిలితేనే వాటికి మెలకువ వస్తుంది. తడిపిన కొబ్బరిపొట్టు మీద చల్లి, మెల్లగా అదిమి, పైన పల్చని ప్లాస్టిక్ మూత పెట్టి నేరుగా ట్యూబు కింద ఉంచాలి. బిళ్ళగన్నేరు, పాన్సీ, ఫ్లాక్సు దీనికి తిరగబడ్డ రకం. చీకటి కావాలి. వాటికి మట్టి కప్పి, పైన అట్టముక్క పెట్టి, మొలక తల ఎత్తాకే లైటు చూపించాలి. బంతికి, కోడిజుట్టు పువ్వుకి ఈ పట్టింపులేమీ లేవు, ఎక్కడ పారేస్తే అక్కడ లేస్తాయి. మన ఊళ్ళల్లో బంతికి లైటు వెలిగించేవాళ్ళని చూస్తే నాక్కూడా ఉపయోగం ఏమిటని అడగాలనిపిస్తుంది. (మా ఆడపడుచుకి మినహాయింపు.)

వారం పది రోజుల్లో మొలుస్తాయి. మొలిచిన పెటూనియాని చూడాలంటే కళ్ళజోడు పెట్టుకోవాలి. ఆవగింజలో సగం ఉండే రెండు ఆకులు, వెంట్రుక లాంటి కాడ. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతని మనం పిల్లల్ని సాధించడానికి వాడుకున్నాం గాని, మొక్క ఎందుకు వంగుతుందో చూడలేదు. ఈ నారుని కిటికీ పక్కన పెట్టి చూడండి, ఒక్క పూటలో అంతా అటువైపు తలవంచుతుంది. డార్విన్ పెద్దవయసులో కొడుకు ఫ్రాన్సిస్‌ని పక్కన పెట్టుకుని గడ్డిమొలకల మీద ఇదే పరీక్ష చేశాడు. మొలక కొసకి చిన్న టోపీ తొడిగితే అది వెలుగు వైపు వంగలేదు. వెలుగుని కనిపెట్టేది కొస, వంగేది దాని కింది భాగం అని తేల్చి 1880లో పుస్తకం వేశాడు. బియ్యే తెలుగులో నాకు ఇవన్నీ ఎవరు చెబుతారు! నారు పోయడం మొదలుపెట్టాక వెతుక్కుని చదువుకున్నవి.

మొలిచాక శత్రువు నారుకుళ్ళు. సాయంత్రం నిలబడి ఉన్న మొలక పొద్దున్నకి మొదట్లో గోటితో నొక్కినట్టయి పడి ఉంటుంది. అది తడి ఎక్కువై, గాలి ఆడక వచ్చే బూజు. పైనుంచి నీళ్ళు చల్లకుండా ట్రేలో పోసి కిందనుంచి పీల్చుకోనివ్వండి. మూత రోజూ కాసేపు తీయండి, మొలకలు నిలబడ్డాక తీసి పారేయండి. చిన్న ఫ్యాను ఒకటి దూరంగా పెట్టండి. గాలికి ఊగితే కాడ కూడా గట్టిపడుతుంది. ఫ్యాను లేకపోతే రోజుకి రెండుసార్లు అరచేత్తో తలలు నిమిరినా అంతే పని చేస్తుంది. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయిది, ఇంటరు పుస్తకాలు పట్టుకుని ఆ ర్యాకు వెలుగులోనే కూర్చుంటుంది కాబట్టి.

ఈ మాట అనగానే కొందరు స్నేహితులు "పిల్లలూ మొక్కలూ ఒకటే కదా, పిల్లల్ని ట్యూబులైటు కింద పెంచే హాస్టళ్ళ గురించి రాయొచ్చుగా" అంటారు. ఆ పోలిక నాకు నచ్చదు. పిల్లలు మనల్ని అడుగుతారు, అలుగుతారు, ఒకనాటికి లెక్క తేలుస్తారు. మనం కూడా వాళ్ళ నుంచి ఏదో ఒకటి ఆశిస్తూనే ఉంటాం, ఆశించట్లేదని చెప్పుకుంటాం గాని. పెటూనియా నుంచి నేను ఆశించేది ఏమీ లేదు. ఇంట్లో పొద్దున్నుంచి నేను పెంచే, వండే, ఉతికే, సర్దే ప్రతిదీ ఎవరికో దేనికో పనికొచ్చేదే. ఒక్కటంటే ఒక్కటి ఎవరికీ పనికిరానిది ఉంటే ఏం?

ఇక దెబ్బలాట. రెండేళ్ళ కిందట సెప్టెంబరులో మా అమ్మకి కంటి ఆపరేషను అయింది. పది రోజులు ఊళ్ళో ఉన్నాను. బయల్దేరే ముందు ఇల్లాలు ఎవరైనా చేసేదే నేనూ చేశాను. పాల లెక్క, అత్తగారి బీపీ మాత్రలు రోజువారీ పొట్లాలు, పెరుగుకి తోడు ఎంత వేయాలి, ఏ పప్పు ఏ డబ్బాలో ఉంది, ఇస్త్రీ అబ్బాయి ఎప్పుడొస్తాడు, గ్యాసు పుస్తకం ఎక్కడుంది. పన్నెండు పనుల జాబితా రాసి వంటింట్లో అంటించాను. పన్నెండోది, "ర్యాకు టైమరు ముట్టుకోవద్దు. రెండు రోజులకోసారి ట్రేలో అర గ్లాసు నీళ్ళు."

తిరిగొచ్చేసరికి పెరుగు రాయిలా తోడుకుని ఉంది. మాత్రల పొట్లాలు ఖాళీ. ఇస్త్రీ బట్టలు అలమరలో ఉన్నాయి. పదకొండు పనులు పొల్లుపోకుండా జరిగాయి. ర్యాకు ప్లగ్గు పీకి ఉంది, ఆ పాయింటులో ఫోను చార్జరు ఉంది. ట్రేలో నూట ఇరవై మొలకలు తెల్ల దారాల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"నువ్వు లేవుగా, ఎవరు చూస్తారని ఆపేశాను" అన్నారు మావారు. కోపంగా అనలేదు, వెటకారంగా అనలేదు. నిజంగా ఆయనకి అలాగే అనిపించింది. ఆయన చెడ్డవాడైతే ఈ వ్యాసం అక్కర్లేదు. అమ్మ ఆపరేషనుకి డబ్బు సర్దింది ఆయనే, పది రోజులూ పెరుగు తోడుపెట్టిందీ ఆయనే.

నాకు కోపం వచ్చింది మొలకల గురించి కాదనను, అదీ ఉంది. మూడు వారాలు కళ్ళజోడు పెట్టుకుని చూసుకున్నవి. కానీ రాత్రి పడుకున్నాక తిరిగి తిరిగి గుర్తొచ్చింది ఆ మాటే. తోడు ఇంటి అవసరం. బీపీ మాత్ర ఇంటి అవసరం. ర్యాకు నా సరదా. సరదా అంటే ఆ మనిషి ఇంట్లో లేనప్పుడు ఆపేయదగ్గది. మరి ఆయన క్యాంపులకి వెళ్ళిన నెలల్లో కూడా మా ఇంట్లో స్పోర్ట్స్ చానెళ్ళ ప్యాకేజీ నడిచింది. నేనూ అత్తగారూ క్రికెట్టు చూడం. దాన్ని ఆపమని నాకు తట్టను కూడా తట్టలేదు. ఎందుకు తట్టలేదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆయన ఇష్టం ఇంటి ఏర్పాటులో ఒక భాగం, నా ఇష్టం ఏర్పాటు మీద పెట్టిన అదనపు బరువు. ఇది ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అందరూ అలాగే అనుకుంటూ వచ్చారు, నాతో సహా.

ఈ సంగతి చెప్పుకుంటే సాయానికి వచ్చిన స్నేహితురాళ్ళు నా తరఫున మంచి వాదనలే ఇచ్చారు. ఒకావిడ, "మొక్కలు పెంచితే మనసు ప్రశాంతంగా ఉంటుందని చెప్పు, బీపీ తగ్గుతుందని చెప్పు, వింటారు" అంది. వింటారు, నాకు తెలుసు. కానీ అలా చెబితే నా పెటూనియా కూడా మాత్రల పొట్లంలో చేరిపోతుంది. ఇల్లాలు ప్రశాంతంగా ఉంటే ఇల్లు బాగా నడుస్తుంది కాబట్టి ఆమెకి ఓ ర్యాకు ఇద్దాం అన్నట్టు. అయినా నాకు ప్రశాంతత ఏమీ రాదు, నారుకుళ్ళు వచ్చిన రాత్రి నిద్ర కూడా పట్టదు. ఇంకొకావిడ, "నారు అమ్మరాదూ, ఒక్కోటి ముప్ఫైకి పోతుంది" అంది. మిగిలిన నారు అడిగినవాళ్ళకి ఇస్తాను గాని అమ్మను. అమ్మితే తప్పని కాదు, అమ్ముకుని బతికేవాళ్ళంటే నాకు గౌరవం, అమ్మమ్మ చేసింది అదే. అమ్మడం మొదలుపెట్టిన రోజు నుంచి ఇంట్లో నన్నెవరూ ఉపయోగం ఏమిటని అడగరు. ఆ సుఖం కోసం అమ్మడం నాకిష్టం లేదు.

"నర్సరీలో నలభై రూపాయలకి పూలతో సహా దొరుకుతుంటే ఈ తిప్పలెందుకు" అన్నది మూడో వాదన, అది కొంత సబబైనదే. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు నేనూ కొంటాను. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెడితే వట్టి చేతులతో తిరిగి రావడం నా వల్ల కాదు. పూలు మాత్రమే కావాల్సినవాళ్ళు హాయిగా కొనుక్కోండి, లైట్ల జోలికి రాకండి. విత్తనం నుంచి చేసేది పూల కోసమే కాదు. నిజం చెప్పాలంటే నాకు పూసిన పెటూనియా కన్నా మూడో జత ఆకులు వేస్తున్న పెటూనియా అంటేనే ఎక్కువ ఇష్టం.

అత్తగారి మాట మాత్రం కొట్టిపారేయలేను. "దేవుడి దగ్గర ఒత్తి లావుగా వేస్తే నూనె దండగనే కాలం మాది, పగటిపూట మొక్కలకి దీపాలేమిటే" అంటారు. ఆవిడ కిరసనాయిలు దీపం కింద ఐదుగురికి అన్నం పెట్టిన మనిషి. వెలుతురుకి వెల ఉంటుందని ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు. గీజరు లెక్క చెబితే గీజరు కూడా కట్టేయమన్నారు. ఆవిడ న్యాయంలో ఒంటికన్ను లేదు, అందుకే ఆ వాదనలో నేను ఓడిపోయినా బాధ లేదు.

ఆ రోజు గొడవ తర్వాత ఇంట్లో తేలింది ఏమిటంటే, ర్యాకు ఇంటి పనుల జాబితాలోకి వచ్చింది. నేను ఊళ్ళో లేకపోతే లైటు వెలగాలి, ట్రేలో నీళ్ళుండాలి. మావారికి మొక్కల మీద ప్రేమ పుట్టిందేమో అనుకోకండి, ఏమీ పుట్టలేదు. పెరుగు తోడు మీద మాత్రం ఆయనకి ప్రేమ ఉందా? జరగాల్సిన పని కాబట్టి జరుగుతుంది. నేను అడిగింది అంతే. ఇంట్లో ప్రతి ఆడమనిషికీ నాలుగడుగుల అర ఒకటి, ఆమెని అడగకుండా ఎవరూ చార్జరు పెట్టకూడనిది, ఉండాలంటాను. అందులో మొక్కలే ఉండాలని లేదు. ఉపయోగం మాత్రం ఉండకపోతే మంచిది. ఉపయోగపడేది ఏదైనా రెండు నెలల్లో అందరిదీ అయిపోతుంది, మన కుట్టుమిషన్లకి ఏమైందో చూశాం కదా.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి మిగిలిన నాలుగు ముక్కలు. నారు ఐదారు వారాలకి చిన్న కుండీల్లోకి మారుతుంది. అక్కడినుంచి బాల్కనీలోకి ఒకేసారి పంపకండి. ట్యూబు కింద పెరిగిన ఆకు ఎండని తట్టుకోదు, ఒక్క పూటలో తెల్లబారిపోతుంది. మొదటి రోజు నీడలో గంట, తర్వాత లేత ఎండలో గంట, అలా పెంచుకుంటూ వారం పది రోజులు అలవాటు చేయాలి. అమ్మమ్మ గడ్డి తీసిన పద్ధతే ఇది.

చేమంతిని ఈ లైట్ల కింద పెట్టకండి. ఆకులు ఏపుగా వస్తాయి గాని మొగ్గ రాదు. రాత్రి పొడుగైతేనే దానికి పూసే కాలం వచ్చినట్టు. పగలూ రాత్రీ పొడవుని బట్టి మొక్క పూస్తుందన్న సంగతి 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు బయటపెట్టారు. వాళ్ళు చూసింది కూడా ఓ మొండి పొగాకు రకంలోనే, ఎంత పెరిగినా వేసవిలో పూయనంటే ఎందుకా అని. చేమంతి తోటల్లో పూత వెనక్కి జరపాలంటే రాత్రిళ్ళు బల్బులు వెలిగించేది అందుకే. పెటూనియాకి ఈ పేచీ లేదు, పగలు పొడుగైతే దానికి ఇంకా సంతోషం.

ఇంకొకటి, పెటూనియా కాయల్లోంచి విత్తనం దాచుకుంటే వచ్చే ఏడు అవే రంగులు వస్తాయా అని చాలామంది అడుగుతారు. పాకెట్టు మీద ఎఫ్1 అని ఉంటే రావు. అది రెండు రకాలని కలిపిన సంకరం, దాని పిల్లలు ఒక్కోటి ఒక్కో తీరున వస్తాయి. నేను పోయినేడు చారల పెటూనియా విత్తనం దాచి ఈసారి కింది అరలో వేశాను. ముప్ఫై రెండు మొలిచాయి. ఏ రంగు పూస్తాయో డిసెంబరులో చెబుతాను.